మాస్టారు చెప్పని మాట

నా స్నేహితురాలి కుడి చెయ్యి చెవి దాటి పైకి లేవదు. అందుకు కారణం నేను.

ఈ రెండు వాక్యాలు పక్కపక్కన రాయడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. మొదటిది చాలామందితో చెప్పాను. జాలిపడుతూ, నిట్టూరుస్తూ కూడా చెప్పాను. రెండోది ఈ మధ్యదాకా ఎవరితోనూ అనలేదు. మా ఆయనతో అనలేదు, మా అమ్మతో అనలేదు. గుళ్ళో కళ్ళు మూసుకుని నిలబడ్డప్పుడు కూడా ఆ మాట దగ్గరికి వచ్చేసరికి మనసు పక్కకి తప్పుకునేది. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. అందుకేనేమో మీ దగ్గర నోరు పెగులుతోంది.

తప్పు ఒక్కటే చెప్పి ఊరుకుంటే సరిపోతుందా? సరిపోదనిపిస్తోంది. ఆ రోజులు ఎంత బాగుండేవో చెప్పకపోతే, వాటిని నేను ఏం చేశానో మీకు అర్థం కాదు.

మాది గుడివాడకీ పామర్రుకీ మధ్య ఒక పల్లెటూరు. నాన్నకి వరి పొలం, రెండు చేపల చెరువులు. నడుముకి ఎండు సొరకాయలు కట్టి, ఊరి పక్క పంట కాలువలో నాకు ఈత నేర్పింది ఆయనే. ఆడపిల్లకి ఈతేంటని ఊళ్ళో అన్నవాళ్ళు ఉన్నారు. మా నాన్న నవ్వేసి ఊరుకునేవాడు. కాలువలు కట్టేసే ఎండాకాలం వస్తే నాకు దిగులుగా ఉండేది. డిగ్రీకి బందరు వెళ్ళినప్పుడు, కాలేజీ వెనక ఒక పాత ఈత కొలను ఉందని తెలిసి సామాను సర్దకముందే వెళ్ళి చూసొచ్చాను. నీళ్ళు పచ్చగా ఉన్నాయి. గోడలకి నాచు. అయినా ఏడాది పొడుగునా నీళ్ళుంటాయి కదా అనుకున్నాను.

హాస్టల్లో నా గదిలోకి వచ్చిన అమ్మాయి నాంచారి. దివిసీమలో నాగాయలంక అవతల, సముద్రానికి దగ్గరగా ఉన్న పల్లె వాళ్ళది. తండ్రి వేటకి వెళ్తాడు. తల్లి ఎండు చేపలు అమ్ముతుంది. వాళ్ళ నాయనమ్మ ఉప్పెనలో తాడిచెట్టు పట్టుకుని బతికిందట. ఆవిడ పిల్లలు ఇద్దరు బతకలేదట. అందుకని నాంచారి తండ్రి, కూతుళ్ళయినా సరే నీళ్ళలో తేలడం రాకుండా ఉండకూడదని పట్టుబట్టి, నడక వచ్చీరాగానే అందర్నీ ఏట్లో వదిలేవాడట. ఈ సంగతి తను చాలా మామూలుగా, పచ్చడి జాడీ మూత తీస్తూ చెప్పింది. ఆ జాడీలో రొయ్యపొట్టు పచ్చడి. ఆ వాసనకి నేను మొదటి రోజు కిటికీ తెరిచాను. నెల తిరిగేసరికి అది లేకపోతే నాకు ముద్ద దిగేది కాదు. వార్డెన్ మేడమ్ వరండాలోంచి "ఎవరే ఆ ఎండు చేపలు!" అని అరిస్తే, ఇద్దరం దుప్పట్లో మొహాలు దాచుకుని నవ్వేవాళ్ళం.

మొదటిసారి తనని కొలనుకి తీసుకెళ్ళింది నేనే. చుడీదారుతోనే దూకేసింది. తల నీళ్ళపైకి ఎత్తి, చేతులు బారలు చాపి, అలల మీద వెళ్తున్నట్టు ఈదింది. గట్టు మీద నిలబడి నవ్వాను. తల దించి, పక్కకి తిప్పి ఊపిరి తీసుకోవడం నేర్పాను. గోడ దగ్గర ఎలా మలుపు తిరగాలో, కాళ్ళతో గోడని ఎలా తన్నాలో నేర్పాను. తను నాకేం నేర్పిందో చెప్పమంటారా? భయపడకుండా ఉండడం నేర్పింది. ఆదివారాలు మంగినపూడికి ఆటోలో వెళ్ళేవాళ్ళం. నల్లటి బురద ఇసుక, మట్టి రంగు నీళ్ళు. అల వచ్చేటప్పుడు నేను వెనక్కి పరిగెత్తేదాన్ని. నాంచారి నా మణికట్టు పట్టుకుని, "పారిపోతే పడేస్తదే. ఎదురెళ్ళు, పైనించి పోద్ది" అనేది. అల మా నెత్తి మీంచి వెళ్ళిపోయేది. పైకి లేచి, ముక్కుల్లోంచి ఉప్పునీళ్ళు కారుతుంటే ఇద్దరం ఒకర్నొకరం చూసుకుని విరగబడి నవ్వేవాళ్ళం.

మా ఈత చూసి మమ్మల్ని పిలిచినాయన మాస్టారు. పేరు రాయను. ఒకప్పుడు నేవీలో చేసి, తరవాత బళ్ళో వ్యాయామం నేర్పి రిటైరైన మనిషి. రోజూ పొద్దున్నే కొలనులో ఈదడానికి వచ్చేవారు. ఒక రోజు గట్టు మీద కూర్చుని మమ్మల్ని చాలాసేపు చూసి, "మీ ఇద్దరికీ నీళ్ళు తెలుసమ్మాయ్. ఒంట్లో బలం లేదు. సాయంత్రం మా ఇంటికి రండి, ఇనుము పట్టిస్తాను" అన్నారు. ఇనుమేంటో మాకు అర్థం కాలేదు.

వాళ్ళింటి వెనక రేకుల షెడ్డు. అందులో ఒక బల్ల, రెండు ఇనప రాడ్లు, ఆయన ఎక్కడెక్కడినుంచో పోగేసిన ప్లేట్లు, అవి చాలక రంగు డబ్బాల్లో సిమెంటు పోసి చేసుకున్న బరువులు. ఆడపిల్లలు బరువులెత్తడం బందర్లో ఆ వీధి ఎప్పుడూ చూడలేదు. రెండో రోజే గోడ మీదకి కుర్రాళ్ళు ఎక్కారు. మాస్టారి భార్య, మేము అమ్మగారు అనేవాళ్ళం, ఏమీ అనకుండా పాత నేతచీర ఒకటి తెచ్చి షెడ్డుకి అడ్డంగా కట్టేసి వెళ్ళారు. ఆ చీర వెనక, మా తమ్ముడి పాత టీషర్టులు వేసుకుని, బస్కీలు తీసేవాళ్ళం. దండీలు తీసేవాళ్ళం. రాడ్డు భుజాల మీద పెట్టుకుని లేచేవాళ్ళం, తల మీదకి ఎత్తేవాళ్ళం. మొదటి వారం మెట్లు దిగలేక హాస్టల్లో పిరుదుల మీద జారుకుంటూ దిగాం.

మాస్టారికి ఒక పద్ధతి ఉండేది. పొద్దున నీళ్ళు, సాయంత్రం ఇనుము. ముందు నీళ్ళే, ఎప్పుడూ. అలిసిన భుజంతో నీళ్ళలో దిగకూడదనేవారు. భుజాలకి బరువు పెట్టిన మర్నాడు కొలనులో చెక్క పట్టుకుని కాళ్ళ పని మాత్రమే. వేగంగా ఈదాల్సిన రోజు సాయంత్రం షెడ్డుకి సెలవు. "బరువులు మీ కోసం కాదు, నీళ్ళ కోసం. ఎంత ఎత్తామని గొప్పలు పోయారో, షెడ్డుకి తాళం వేసేస్తాను" అనేవారు. పోటీ దగ్గరపడితే ఇనుము జోలికి పోనిచ్చేవారు కాదు. అప్పుడు ఒళ్ళు తేలికై, నీళ్ళు మనల్ని మోసుకెళ్తాయని ఆయన నమ్మకం. నిజమే. ఆ తేలిక నాకు ఇప్పటికీ గుర్తుంది. కొలనులోకి దూకగానే ఎవరో వెనకనుంచి తోసినట్టు ఉండేది.

షెడ్డులోంచి బయటికి వచ్చేసరికి అమ్మగారు ఉడకబెట్టిన గుడ్లు, నానబెట్టిన వేరుశనక్కాయలు గిన్నెలో పెట్టి ఉంచేవారు. నాంచారి మెట్టు మీద కూర్చుని తినేది. తింటూ అమ్మగారికి వాళ్ళ ఊరి కబుర్లు చెప్పేది. అమ్మగారికి పిల్లల్లేరు. మా ఇద్దర్నీ చూసినప్పుడు ఆవిడ మొహం విప్పారేది. నిజం చెప్పాలంటే నాంచారిని చూసినప్పుడు ఇంకాస్త.

ఎక్కడ మొదలైంది? నేను చాలాసార్లు వెతుక్కున్నాను. ఆ మెట్టు మీదా? కాదనుకుంటాను. కొలను గోడ దగ్గర మొదలైంది. మొదట్లో నేను గోడ తాకి, తిరిగి చూస్తే తను ఇంకా సగం దూరంలో ఉండేది. తరవాత ఇద్దరి చేతులూ ఒకేసారి గోడకి తగిలేవి. ఇనుము పట్టిన ఏడాదికి, నేను గోడ తాకేసరికి తను అప్పటికే అక్కడ ఉండేది. మొహం మీద జుట్టు వెనక్కి తోసుకుంటూ, నా వైపు చూసి నవ్వుతూ. ఆ నవ్వులో గర్వం లేదు. నేను వచ్చానన్న సంతోషమే ఉంది. అది నాకు అప్పుడూ తెలుసు. తెలిసి కూడా ఆ నవ్వు చూడలేక, నీళ్ళలో తల ముంచి, ఈత కళ్ళద్దాలు సర్దుకుంటున్నట్టు నటించేదాన్ని. ఈత ఎవరు నేర్పారు తనకి? నేనే కదా. గోడ తన్నడం ఎవరు చూపించారు? ఇలాంటి ప్రశ్నలు వేసుకునేదాన్ని, అవి వేసుకోవడం నాకు బాగుండేది కూడా.

ఆఖరి సంవత్సరంలో యూనివర్సిటీ టీముకి ఎంపికలు వచ్చాయి. మా కాలేజీ నుంచి ఫ్రీస్టైల్‌కి ఒక్కరే. ఆ టీములో ఈదితే సర్టిఫికెట్ వస్తుంది. సర్టిఫికెట్ ఉంటే స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం దొరకవచ్చు. నాంచారికి ఆ ఉద్యోగం కావాలి. "ఉద్యోగమొస్తే మా నాన్నని పడవ దిగమంటానే. మోకాళ్ళు పోయినియ్, అయినా ఏటకి పోతాడు" అని ఒకసారి పడుకునే ముందు చెప్పింది. నాకు ఏం కావాలి? మా నాన్న నన్ను ఒత్తిడి చేశాడని చెప్పుకోవచ్చు, చెయ్యలేదు. ఈత మానేస్తే పెళ్ళి చేసేస్తారని చెప్పుకోవచ్చు, అదీ లేదు. నాకు ఏ అవసరమూ లేదు. గోడ దగ్గరికి ముందు నేను చేరాలి. అంతే. ఇంత చిన్న కోరికా?

ఎంపికలకి కొద్ది రోజుల ముందు నాంచారి చెల్లెలి ఓణీల వేడుకకి ఊరెళ్ళింది. ఆ పొద్దున కొలను దగ్గర మాస్టారు నన్ను పిలిచారు. ఆయన కూడా ఏలూరులో బంధువుల పెళ్ళికి వెళ్తున్నారు. చేతిలో సంచీ ఉంది.

"అమ్మాయ్, నాంచారి కుడి భుజం సరిగ్గా తిరగట్లేదు. నిన్న చూశాను. నొప్పి ఉన్నా ఆ పిల్ల చెప్పదు. వచ్చాక నువ్వు చెప్పు. ఎంపికలయ్యేదాకా బరువులు ముట్టుకోవద్దను. నీళ్ళలో కూడా మెల్లగా, కాళ్ళ పని చేసుకోమను. మర్చిపోవు కదా?"

"చెప్తానండి" అన్నాను.

చెప్పాలనే అనుకున్నాను. ఇది నమ్మండి, నమ్మకపోయినా ఫర్వాలేదు. నాంచారి రెండు రోజుల తరవాత అరిసెలు మూట కట్టుకుని వచ్చింది. మంచం మీద కూర్చుని, భుజం పట్టుకుని ఒకసారి తిప్పుకుంది.

"మాస్టారు ఏమన్నా అన్నారా ఏంటే?"

"ఏమనలేదు."

"ఈ చెయ్యి కాస్త లాగుతుందే. బరువులు మానేద్దామా అని ఉంది. ఆయనుంటే అడిగేదాన్ని."

అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. అప్పటికి కూడా ఏమీ జరగలేదు. మర్చిపోయానే, ఇదిగో మాస్టారు ఇలా అన్నారు అంటే నవ్వి ఊరుకునేది. నేను అరిసె విరుస్తూ, తన వైపు చూడకుండా అన్నాను.

"మర్చిపోయానే, వెళ్తూ చెప్పారు. మానొద్దన్నారు. ఇప్పుడు మానేస్తే బలం దిగిపోద్దంట. నీకు ఇంకాస్త పెంచమన్నారు."

"పెంచమన్నారా? ఇప్పుడా?"

"అవును."

తను ఒక్క క్షణం ఆలోచించింది. "సర్లే. ఆయనకి తెలవదా ఏంటి" అంది. నాకు ఇంకో అరిసె ఇచ్చింది.

ఆ మాటలే. అంతకుమించి ఏమీ లేవు. ఇన్నేళ్ళలో ఆ నాలుగు మాటలు నేను వినని రోజు లేదు. మరీ ముఖ్యంగా ఆ "సర్లే".

ఆ సాయంత్రం షెడ్డులో రాడ్డుకి ప్లేట్లు ఎక్కించింది నేనే. ఆ సంగతి కూడా చెప్పాలి. తను రాడ్డు తల మీదకి ఎత్తుతుంటే కుడి మోచెయ్యి వణికింది. దించి, భుజం నిమురుకుని, మళ్ళీ ఎత్తింది. "చాల్లే" అని నేను అనలేదు. అమ్మగారు గుడ్లు తెచ్చిపెట్టి, "ఏమ్మా, మొహం అలా ఉంది?" అని నాంచారిని అడిగారు. "ప్రయాణం కదండీ" అంది తను. మర్నాడు సాయంత్రం కూడా ఎత్తింది. మాస్టారు ఉంటే కాళ్ళ పనే చేయించే ఆ తరవాతి పొద్దున, కొలనులో వేగంగా ఈదాం. సగం దూరంలో తను ఆగిపోయింది. నేను గోడ తాకి తిరిగి చూశాను. ముందు నేనే చేరాను. నాంచారి వెల్లకిలా తిరిగి, కుడి చెయ్యి పొట్ట మీద పెట్టుకుని, కాళ్ళతో మెల్లగా తన్నుకుంటూ ఒడ్డుకి వస్తోంది. సముద్రం పక్క పిల్ల కాబట్టి మునగలేదు. నేను ఈదుకుంటూ వెళ్ళి గట్టు ఎక్కించాను. మొహం తెల్లగా పాలిపోయింది. "ఏం లేదే, పట్టేసింది" అంది.

పట్టెయ్యడం కాదు. లోపల నరం తెగిందన్నారు డాక్టరు. విజయవాడ వెళ్ళి ఆపరేషన్ చేయించుకుంటే బాగవుతుందేమో అన్నారు. వాళ్ళ నాన్న వచ్చి ఊరికి తీసుకెళ్ళి నాటు కట్టు కట్టించాడు.

మాస్టారు తిరిగొచ్చాక నన్నే అడిగారు, వాళ్ళ గేటు దగ్గర.

"చెప్పావా అమ్మాయ్?"

"చెప్పానండి. వినలేదండి."

మొదటి అబద్ధానికి అసూయ అని పేరు పెట్టుకోవచ్చు. దీనికేం పేరు పెట్టను? ఇది వట్టి భయం. ఆయన గేటు చువ్వ పట్టుకున్నారు. "అంత తొందరేంటో ఆ పిల్లకి" అన్నారు. కోపంగా కాదు. ఆయన గొంతు అలా ఉండగా నేను అంతకుముందు వినలేదు.

నాంచారి చెయ్యి మెడకి కట్టుకుని కాలేజీకి తిరిగొచ్చినప్పుడు, ఇద్దరం కలిసి ఆయన దగ్గరికి వెళ్ళాం. ఇప్పుడు ఒకరు ఒక మాట అంటారు, ఇంకొకరు ఒక మాట అంటారు, అంతా బయటపడుతుంది అనుకున్నాను. ఏమీ బయటపడలేదు. మాస్టారు తనని చూసి, "విశ్రాంతి తీసుకోమ్మా" అని లోపలికి వెళ్ళిపోయారు. తన మాట లెక్కచెయ్యని పిల్లతో ఏం మాట్లాడాలో ఆయనకి తెలియలేదు. తన భుజం పాడు చేసిన మాస్టారు కనీసం అయ్యో అనలేదని నాంచారికి అనిపించింది. పెద్దాయన్ని ఎదురు ప్రశ్నించే పిల్ల కాదు. గేటు దాటాక కళ్ళు తుడుచుకుంది. "పోన్లేవే. ఆయనా కావాలని అన్నారా ఏంటి" అంది నాతో. ఆ తరవాత తను ఆ ఇంటికి వెళ్ళలేదు.

చూశారా నేను ఏం చేశానో? భుజం సంగతి ఒక ఎత్తు. ఒకరి మీద ఒకరికి అంత ప్రేమ ఉన్న ఇద్దరి మధ్యలో నిలబడి, ఇటు ఒక అబద్ధం, అటు ఒక అబద్ధం చెప్పి, ఇద్దరి మొహాలూ పక్కకి తిప్పేశాను.

ఎంపికల్లో నేను నెగ్గాను. యూనివర్సిటీ టీముతో వెళ్ళాను. అక్కడ ఆఖర్న వచ్చినవాళ్ళలో ఒకదాన్ని. అయినా సర్టిఫికెట్ ఇచ్చారు. ఆ కోటాలోనే నాకు ఉద్యోగం వచ్చింది. ఇప్పటికీ అదే చేస్తున్నాను. గుడివాడలో ఇల్లు కట్టుకున్నాం. నా కూతురు చదువుకుంటున్న బడి, నేను తింటున్న అన్నం, అన్నీ దాంట్లోంచి వచ్చినవే.

ఆ ఆఖరి నెలల్లో నాంచారికి జడ నేనే వేసేదాన్ని. చెయ్యి పైకి లేవదు కదా. పొద్దున్నే నా ముందు నేల మీద కూర్చునేది. ఒత్తయిన జుట్టు. కొబ్బరినూనె రాసి, చిక్కు తీసి, మూడు పాయలు చేసి అల్లుతుంటే కూనిరాగం తీసేది. మీకు వింతగా అనిపించవచ్చు, ఆ పొద్దుటిపూటలు నా జీవితంలో నేను అత్యంత ప్రేమగా ఉన్న సమయాలు. ప్రేమా, పాపభీతా? రెండూ అల్లుకుపోయి ఉండేవి. విడదియ్యలేకపోయాను. ఇప్పుడూ విడదియ్యలేను.

తను పరీక్షలు రాసి ఊరెళ్ళిపోయింది. పడవ ఉన్న అతన్నే చేసుకుంది. ఎండు రొయ్యల వ్యాపారం మొగుడూ పెళ్ళాం కలిసి చేస్తారు. వాళ్ళ నాన్న నడవలేని దాకా వేటకి వెళ్ళాడు. మా స్నేహం పోలేదు. నా పెళ్ళికి వచ్చింది. నా కూతురు పుట్టినప్పుడు వెదురు బుట్ట నిండా చందువా చేపలు తెచ్చింది. ఫోన్ చేసినప్పుడల్లా, "మాస్టారు బాగున్నారా?" అని అడిగేది. వెళ్ళి చూడమంటే, "ఎందుకులే" అనేది. మాస్టారి దగ్గరికి నేను వెళ్ళినప్పుడు ఆయనా అడిగేవారు. "ఆ పిల్ల ఎలా ఉంది? ఒక్కసారైనా రాలేదు." నేను అటు మాట ఇటు, ఇటు మాట అటు చేరవేసేదాన్ని. ఒక్క మాట తప్ప.

పోయిన వానాకాలంలో మాస్టారు పోయారు. కబురు చెప్తే నాంచారి దివిసీమ నుంచి ఆ పూటే వచ్చేసింది. లోపలికి వెళ్ళకుండా గేటు బయట, వానలో, గొడుగు కింద నిలబడింది. నేను పక్కన నిలబడ్డాను. దేహాన్ని తీసుకెళ్తున్నప్పుడు ఎడమ చెయ్యి ఒక్కటే నెత్తి మీదకి ఎత్తి దణ్ణం పెట్టింది. తరవాత నా వైపు తిరగకుండానే అంది: "ఆ రోజు ఆయన పెంచమనకుండా ఉంటే బాగుండేది కదే. అయినా నాకు కోపం లేదు. ఎప్పుడో పోయింది."

అప్పుడు కూడా నోరు తెరవలేదు. చావింటి ముందు ఎందుకులే అని నాకు నేనే చెప్పుకున్నాను. ఇన్నేళ్ళూ ఇలాగే ఏదో ఒకటి చెప్పుకుంటూ వచ్చాను కదా. కానీ ఆ తరవాత నిద్ర పట్టడం మానేసింది. కోపం ఎప్పుడో పోయిందట. ఎవరి మీద కోపం? చెయ్యని తప్పుకి క్షమ అందుకుని ఆయన వెళ్ళిపోయారు.

వానలు తగ్గాక ఒక ఆదివారం బస్సెక్కాను. బందర్లో మారి, చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డ, నాగాయలంక. అక్కడినుంచి ఆటో. నేను వెళ్ళేసరికి నాంచారి రేవులో నడుము లోతు నీళ్ళలో ఉంది. చుట్టూ వాళ్ళ వీధి పిల్లలు. ఏళ్ళుగా వాళ్ళకి ఈత నేర్పుతోంది. కుడి చెయ్యి ఎలా వెయ్యాలో ఎడమ చేత్తో చూపిస్తోంది. తల దించి, పక్కకి తిప్పి ఊపిరి తీసుకోమని చెప్తోంది. నన్ను చూసి, "ఏమే! చెప్పకుండా వచ్చావేంటి!" అని తడి బట్టలతోనే గట్టెక్కింది.

వాళ్ళ ఇంటి అరుగు మీద కూర్చున్నాం. టీ ఇచ్చింది. చాట ముందేసుకుని రొయ్యలు ఏరుతోంది. నేను చెప్పాను. వంకర టింకరగా, ముందుది వెనక, వెనకది ముందు. చివరికి ఒకే ముక్కగా చెప్పాను. మాస్టారు నిన్ను బరువులు మానెయ్యమన్నారు, పెంచమన్నది నేను. నువ్వు వినలేదని ఆయనకి చెప్పింది కూడా నేనే.

చాటలో చెయ్యి ఆగింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"నా చెయ్యి సంగతి వదిలెయ్" అంది చివరికి. "బందరు వచ్చినప్పుడల్లా ఆయన వీధి రాగానే మొహం తిప్పుకునేదాన్నే. ఒకసారి సంతలో ఎదురొస్తే దణ్ణం కూడా పెట్టలా. ఆయన నా వంక చూస్తా నిలబడ్డాడు. నేను ఎల్లిపోయా."

నేను ఏడ్చాను. తను ఏడవలేదు.

"ఆయనుండగా చెప్తే ఒక్కసారి పోయి కాళ్ళు పట్టుకునేదాన్ని గదే. పోయాక చెప్తావా?"

చల్లారిన టీ గ్లాసు అరుగు మీద పెట్టాను.

"నాతో చెప్పావు. సరే. అమ్మగారితో చెప్పావా?"

"లేదు."

"ఆమెతో చెప్పు." చాట పక్కన పెట్టి లేచింది. రేవు వైపు చూసి, ఎవర్నో లోతుకి వెళ్ళొద్దని కేకేసింది. తరవాత నాతో, "బస్సు ఉందిప్పుడు" అంది. భోజనం చెయ్యకుండా నన్ను వాళ్ళింట్లోంచి పంపడం అదే మొదటిసారి.

బందర్లో దిగి మాస్టారి ఇంటికి నడిచాను. అమ్మగారు వరండాలో ఒక్కరే కూర్చుని ఉన్నారు. బాగా చిక్కిపోయారు. కుర్చీ చూపించారు. నేను కూర్చోలేదు. కూర్చుంటే చెప్పలేనేమో అని భయం. నిలబడే అంతా చెప్పాను.

"పోయే ముందు కూడా ఆ పిల్లని తలుచుకున్నారు" అన్నారు. "నా మాట వినుంటే ఎంత దూరం వెళ్ళేదో అని."

"విన్నదండీ. నా మాట విన్నది."

ఆవిడ నా మొహంలోకి చూశారు. నాకు గుడ్లు పెట్టిన మనిషి. నా కూతురికి పేరు పెట్టిన మనిషి. ఆ చూపులో తిట్టు లేదు. నేనెవరో కొత్తగా చూస్తున్నట్టు ఉంది.

"వాళ్ళ ఊరికి బస్సు ఎక్కడెక్కాలి?"

చెప్పాను. నేను తీసుకెళ్తానని కూడా అన్నాను, బుద్ధి లేక.

"వద్దమ్మా. నేను వెళ్తాను" అని లేచి లోపలికి వెళ్ళిపోయారు. నేను గేటు దగ్గరగా వేసి వచ్చేశాను.

ఆవిడ వెళ్ళారో లేదో నాకు తెలియదు. కనుక్కోలేదు. ఆ ఇద్దరి మధ్యలో మళ్ళీ నేను నిలబడకూడదు. నాంచారి ఫోన్ చెయ్యలేదు. నేను చెయ్యబోయి మానేస్తున్నాను. క్షమించమని అడగడానికి కూడా నాకు హక్కు ఉందో లేదో తేల్చుకోలేకపోతున్నాను. క్షమించాల్సిన వాళ్ళలో ఒకరు లేరు. ఉన్నవాళ్ళు క్షమించలేదు. అది న్యాయంగానే ఉంది.

అయినా దాచకుండా చెప్తాను. గుడివాడ బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక, పామర్రు దాటుతుండగా, నిండుగా ఊపిరి తీసుకున్నాను. అలా ఊపిరి తీసుకుని ఎన్నేళ్ళయిందో. వాళ్ళిద్దర్నీ అంత బాధపెట్టి వచ్చి నేను తేలికపడడం సిగ్గనిపించింది. సిగ్గుతోనే కళ్ళు మూసుకున్నాను. ఇంటికి వెళ్ళి మా ఆయనకి చెప్పాను. ఇప్పుడు మీకు చెప్పాను.

ఆ కాలేజీలో మాతో చదువుకున్నవాళ్ళు, ఆ వీధివాళ్ళు, ఇప్పటికీ నాంచారి పేరు వస్తే, పెద్దాయన చెప్పినా వినకుండా చెయ్యి పోగొట్టుకుందని అంటారు. ఆ మాట నేను పుట్టించింది. అది అబద్ధం. ఆ పిల్ల చెప్పింది చెప్పినట్టు విన్నది.